మా ఇళ్ల వేడిని మేమే కొలిచాం: నా అనుభవం

2024 ఎండాకాలంలో మా బస్తీ వాళ్లం మా ఇళ్ల లోపల వేడి ఎంత ఉంటుందో మేమే కొలిచాం, ఆ లెక్కలు ముందు పెట్టుకుని ఏం చేయాలో మేమే కూర్చుని తేల్చుకున్నాం, కొంత చేశాం కూడా. దీన్ని పార్టిసిపేటరీ యాక్షన్ రీసెర్చ్ అంటారు. సమస్య ఎవరిదో వాళ్లే ప్రశ్న పెట్టి, వాళ్లే వివరాలు సేకరించి, వాటి మీద వాళ్లే పని మొదలుపెట్టడం. సోషల్ వర్క్ చదివేవాళ్లు, వేరే బస్తీల యూత్ గ్రూపుల వాళ్లు ఇది ఎలా చేశారని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్‌లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా.

మాది హైదరాబాద్‌లో మూసీకి దగ్గర్లో ఉన్న బస్తీ. పేరు రాయను. సర్వే మొదలుపెట్టేటప్పుడే ఇంటింటికీ మాట ఇచ్చాం, బస్తీ పేరు గానీ ఇంటి వాళ్ల పేర్లు గానీ బయటికి రావని. ఇక్కడ కిరాయికి ఉండేవాళ్లే ఎక్కువ. ఇంటి గురించి ఏదైనా చెబితే అది ఓనర్ చెవిన పడి ఖాళీ చేయమంటారేమోనన్న భయం ఉంటుంది, కొందరికి పట్టాల సంగతి ఇంకా తేలలేదు. ఆ మాట ఇవ్వకపోతే సగం తలుపులు తెరుచుకునేవి కావు.

ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఒక మేడమ్ వచ్చి పదిహేడు నుంచి పాతికేళ్ల లోపు వాళ్లను కమ్యూనిటీ హాల్లో పోగు చేసింది. నేను అప్పుడు డిగ్రీ ఫైనల్ ఇయర్. మా బస్తీకి సర్వేలు కొత్త కాదు. ఎవరో ఒకరు వస్తారు, ఇంట్లో ఎంతమంది, ఆదాయం ఎంత, మరుగుదొడ్డి ఉందా అని రాసుకుని పోతారు, ఆ కాగితాలు ఏమయ్యాయో మళ్లీ ఎవరూ వచ్చి చెప్పరు. ఈమె ఫారాలు తేలేదు. మీ బస్తీ గురించి మీకు తెలుసుకోవాలని ఉన్నదేంటి అని అడిగి కూర్చుంది. చాలాసేపు ఎవరం మాట్లాడలేదు, ఎందుకంటే ఆ ప్రశ్న అంతకుముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు.

ఈ పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఆమె కొంత చెప్పింది. 1940ల్లో అమెరికాలో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పరిశోధన, పని రెండూ కలిసి నడవాలన్నాడు. కొలంబియా దేశంలో ఓర్లాండో ఫాల్స్ బోర్డా అనే సామాజిక శాస్త్రవేత్త రైతులతో కలిసి పనిచేసి, 1977లో కార్తహేనా నగరంలో ఇలాంటి వాళ్లందరినీ ఒకచోటికి చేర్చాడు. ఇవి విన్నాం, రాసుకున్నాం. మాకు బాగా పట్టింది మాత్రం ముంబై సంగతి. 1985లో ఫుట్‌పాత్‌ల మీద బతికేవాళ్లను ఖాళీ చేయించవచ్చని సుప్రీంకోర్టు చెప్పిన రోజుల్లో, బైకుల్లా ప్రాంతపు ఫుట్‌పాత్ ఆడవాళ్లు, స్పార్క్ అనే సంస్థ కలిసి ఆ కుటుంబాలను లెక్కబెట్టారు. సుమారు 6,000 కుటుంబాలు. ఎక్కడి నుంచి వచ్చారు, ఏం పని చేస్తారు, ఎన్నేళ్లుగా ఉన్నారు, అంతా రాశారు. అప్పటిదాకా వాళ్ల గురించి ఎవరికి తోచింది వాళ్లు మాట్లాడారు, ఆ తర్వాత మాట్లాడాలంటే ఆ లెక్క చూడాల్సి వచ్చింది. ఇది విన్నాక మా గ్రూపులో సగం మందికి ఊపొచ్చింది.

ఇక ప్రశ్న ఏంటన్న దగ్గర పెద్ద వాదనే జరిగింది. మగపిల్లలు క్రికెట్ ఆడుకునే స్థలం అన్నారు, అమ్మాయిలు గల్లీ లైట్లు అన్నారు, ఒకరిద్దరు నల్లా నీళ్లన్నారు. అప్పుడు హాల్ ముందు నేల మీద ముగ్గుపిండితో బస్తీ మ్యాప్ వేశాం. గల్లీలు, నల్లాలు, గుడి, మసీదు, కిరాణా షాపులు, ట్రాన్స్‌ఫార్మర్, వేపచెట్టు. ముగ్గు అనగానే దారిన పోయే ఆడవాళ్లు ఆగి, ఆ మూల అట్లుండదు ఇట్లుంటది అని చేతిలోంచి పిండి లాక్కుని సరిచేశారు. ఎవరు ఏ పూట ఎక్కడ ఉంటారో చింతగింజలతో చూపించమంటే, మధ్యాహ్నం రెండు గంటల గింజలన్నీ వేపచెట్టు కిందా మసీదు గోడ నీడలో పడ్డాయి. ఇళ్ల మీద ఒక్క గింజ లేదు. ఇంత కష్టపడి కిరాయి కట్టే ఇంట్లో మధ్యాహ్నం పూట ఎవరూ ఎందుకు ఉండటం లేదు? ప్రశ్న అక్కడ పుట్టింది.

ఎండలు ఎంతున్నాయో రోజూ టీవీలో చెప్తారు కదా, ఇంకా కొలవడమెందుకని నన్ను చాలామంది అడిగారు. వాతావరణ శాఖ థర్మామీటర్ బేగంపేటలో, ఎండ తగలని తెల్ల పెట్టెలో, గాలాడే చోట ఉంటుంది. ఊరు మొత్తానికి ఒక కొలమానం కావాలంటే అలాగే ఉండాలి, అందులో తప్పేం లేదు. మా ఇల్లు అలా ఉండదు. పదడుగుల గది, పైన సిమెంటు రేకులు, కిటికీ లేదు, లోపలే గ్యాస్ పొయ్యి, దాని పక్కనే మా అమ్మ కుట్టుమిషన్. ఆ గదిలో ఎంత వేడి ఉందో ఏ లెక్కలోనూ లేదు. 2015 మే నెలలో వడగాలికి మన రెండు రాష్ట్రాల్లో అధికారిక లెక్కల ప్రకారమే పదిహేను వందల మందికి పైగా చనిపోయారు. వడదెబ్బ అనగానే మనకు రోడ్డు మీద పడిపోయిన మనిషే గుర్తొస్తాడు. ఇంట్లో ఉండి, రోజుల తరబడి నిద్ర లేక, ఉన్న బీపీ ఎక్కువై, కిడ్నీలు దెబ్బతిని మంచాన పడ్డ మనిషి ఆ లెక్కలోకి రావడం కష్టం.

గది వేడి, తేమ రెండూ చూపించే చిన్న డిజిటల్ మీటర్లు కొన్నాం, ఒక్కోటి మూడు నాలుగు వందల్లో దొరుకుతుంది. కొనగానే అన్నిటినీ ఒకే గదిలో ఒకే బల్ల మీద రాత్రంతా ఉంచి, మిగతావాటితో కలవని మీటర్లను పక్కన పెట్టేశాం. ఎవరైనా చేయాలనుకుంటే ఈ పని తప్పకుండా చేయండి, లేకపోతే రేపు ఏ ఆఫీసులోనో మీ మీటర్లే తప్పని ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. గదిలో పొయ్యికీ కూలర్‌కీ దూరంగా, కూర్చున్న మనిషి తల ఎత్తులో మేకుకి తగిలించాం. టైం అయ్యేసరికి ఇంట్లో వాళ్లే మీటర్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెడతారు, స్మార్ట్‌ఫోన్ లేని ఇంట్లో క్యాలెండర్ వెనకాల రాస్తారు.

టైం ఎప్పుడు అన్న దగ్గరే అసలు మలుపు. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి తొమ్మిది అని గ్రూపులో అనుకుని, ఇంటింటికీ చెప్పడానికి వెళ్లాం. మా పక్క గల్లీలో అప్పడాలు చేసే చిన్నమ్మ ఒకామె మీటర్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. పొద్దున్నుంచి పిండి పిసికిన చేతులు, అరచేతుల నిండా ఉప్పు. కొంగుతో మీటర్ తుడిచి చెప్పింది, “పగలు ఎట్లనో అట్ల ఎల్లదీస్తం బిడ్డా. చెట్టు కిందికి పోతం, ఆస్పత్రిల కూసుంటం. రాత్రి ఏడికి పోవాలె? మీరు కొలిస్తే రాత్రి కొలువుర్రి.” పక్కనున్న ఖాలా కూడా అదే మాట. మగవాళ్లు స్లాబు మీదో, గల్లీలో మంచమేసుకునో, ఆటో వెనక సీట్లోనో పడుకుంటారు. ఆడవాళ్లు, అందులోనూ వయసులో ఉన్న ఆడపిల్లలున్న ఇల్లయితే, తలుపు గడియ పెట్టుకుని లోపలే పడుకోవాలి. గాలి వచ్చే దారి ఆ తలుపొక్కటే, అదీ రాత్రి మూసేస్తారు.

అలా అర్ధరాత్రి దాటాక ఒంటిగంట రీడింగ్ వచ్చింది. ఆ టైంలో ఎవరు లేస్తారని మేడమ్‌కి సందేహం. నిద్ర పడితే కదా లేవడానికి, మేమే చూస్తామని ఆడవాళ్లన్నారు. చూశారు కూడా. మొత్తం సర్వేలో ఒక్కసారి కూడా ఎగ్గొట్టని రీడింగ్ ఏదన్నా ఉంటే అదే.

ఆ లెక్క లేకపోతే మాకు సగం సంగతి తెలిసేది కాదు. మా ఊహ ఏంటంటే రేకుల ఇళ్లే అన్నిటికన్నా వేడి, స్లాబు ఇళ్లవాళ్లు సుఖంగా ఉన్నారు. మధ్యాహ్నం వరకు అది నిజమే. బయట 42 అన్న రోజున రేకుల గదిలో అంతకన్నా ఎక్కువే చూపించేది, రేకు కిందికి తల పెడితే నెత్తి మాడుతుంది. కానీ పొద్దు గూకాక రేకు త్వరగా చల్లారుతుంది. స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా కిందికి వదులుతూనే ఉంటుంది. ఒక ఇంట్లో పై అంతస్తు స్లాబు గదిలో రాత్రి ఒంటిగంటకు 36 ఉంటే, అదే టైంలో కింద గల్లీలో 31. అంటే ఎక్కువ కిరాయి కట్టి స్లాబు గదిలోకి మారిన కుటుంబం మధ్యాహ్నపు బాధ తప్పించుకుని రాత్రి బాధ కొనుక్కుంది. కిటికీ లేని రేకుల గదికి రెండు బాధలూ ఉన్నాయి.

కూలర్ సంగతి ఇంకో కోణం. గాలి బయటికి పోయే దారి లేని గదిలో కూలర్ పెడితే కాసేపటికి తేమ నిండిపోయి ఉక్కపోత మొదలవుతుంది, మీటర్‌లో వేడి తగ్గినట్టు కనపడినా ఒళ్లంతా జిడ్డు. దానికి తోడు కరెంటు. 2024 మార్చి నుంచి తెలంగాణ ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు. చాలా మంచి సాయం, మా బస్తీలో దానివల్ల నిజంగా ఊపిరి పీల్చుకున్న ఇళ్లున్నాయి. కాకపోతే 200 దాటితే మొత్తం యూనిట్లకీ కట్టాలి. అందుకని నెలాఖరు వచ్చేసరికి కరెంటు మీటర్ చూసుకుంటూ, ఎన్ని యూనిట్లు మిగిలాయో లెక్కేసుకుని, రాత్రి కూలర్ ఆపేసే ఇళ్లు మాకు వరసగా కనపడ్డాయి. ఫ్యాన్ కూడా ఆపి తడిగుడ్డ కప్పుకుని పడుకునే ముసలమ్మ ఒకామె ఉంది. ఇలాంటివి బయటి మనిషి ఫారం పట్టుకుని వచ్చి కూలర్ ఉందా, అవును కాదు అని టిక్ పెట్టుకుంటే తెలిసే సంగతులు కావు. కూలర్ ఉంది. నడవదు.

మే 7 సాయంత్రం సిటీలో కుంభవృష్టి పడింది, చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి బయట ఒక్కసారిగా చల్లబడింది. మూసిన గదుల్లో మాత్రం మీటర్ మెల్లగా దిగింది, తేమ ఎగబాకింది.

రీడింగులన్నీ అయ్యాక మా గ్రూపులో కంప్యూటర్ వచ్చినబ్బాయి ఎక్సెల్‌లో గ్రాఫులు వేశాడు. బాగా వేశాడు, కానీ హాల్లో చూపిస్తే పెద్దవాళ్లు తలూపి ఊరుకున్నారు. అందుకని పెద్ద చార్టు మీద బస్తీ మ్యాప్ గీసి, ఒక్కో ఇంటి మీద బొట్టు బిళ్లలు అంటించాం. బాగా వేడి అయితే ఎర్ర బొట్టు, మధ్యస్థంగా ఉంటే పసుపు, నయమైతే ఆకుపచ్చ. పగటికి ఒక మ్యాప్, రాత్రికి ఒక మ్యాప్. రెండూ పక్కపక్కన గోడకి పెట్టగానే హాల్ మొత్తం లేచి దగ్గరికొచ్చింది. పగలు పసుపు ఉన్న ఇల్లు రాత్రికి ఎర్రగా ఎందుకైందని వాళ్లే అడిగారు, స్లాబు గది అని వాళ్లే చెప్పుకున్నారు, వేపచెట్టు పక్క ఇళ్లు రెండు పూటలా ఆకుపచ్చగా ఉన్నాయని ఎవరో వేలు పెట్టి చూపించారు. రిపోర్టు రాయకముందే దాన్ని ఇలా తెలుగులో, ఉర్దూలో బస్తీ ముందు పెట్టి, తప్పులుంటే దిద్దించుకుని, ఏది బయటికి చెప్పాలో ఏది వద్దో అడిగి తెలుసుకోవడం ఈ పద్ధతికి ప్రాణం అని నేననుకుంటా. రెండు మూడు ఇళ్ల వాళ్లు మా బొట్టు తీసేయండి అన్నారు. తీసేశాం.

తర్వాత పని. రేకుల మీద సున్నం వేయాలన్నది మొదట వచ్చిన ఆలోచన. 2017లో హైదరాబాద్‌లోనే పాతిక పేద ఇళ్ల మీద తెల్లటి పొర పరిచి చూస్తే లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గిందని మేడమ్ చెప్పింది. మేం సున్నంలో ఫెవికాల్ కలిపి సాయంత్రం ఎండ తగ్గాక వేశాం. సిమెంటు రేకు మీద కాలు పెడితే పగిలి కిందపడే ప్రమాదం, అందుకే నిచ్చెన మీద నిలబడి పొడుగు కర్రకి రోలర్ కట్టి వేయాలి. పాత రేకుని పొడిగా గీకకూడదు, అందులో ఆస్‌బెస్టాస్ ఉంటే ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, నీళ్లు కొట్టి తడిపాకే మెత్తగా కడగాలి. రెండు పూతలు. సున్నం వేసిన గదిలో మధ్యాహ్నం తేడా చేతికి తెలిసింది. వానాకాలం వస్తే కొట్టుకుపోతుంది, మళ్లీ ఏటా వేసుకోవాల్సిందే.

అయితే కిరాయి ఇళ్ల దగ్గర ఆగిపోయాం. ఓనర్ ఒప్పుకోవాలి. ఒకాయన సున్నం వేసుకోండి కానీ కిరాయి పెంచుతా అన్నాడు. అప్పటికే 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది, అంటే ఎండకు తక్కువ వేడెక్కే కప్పులు వేయించాలన్న విధానం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే ఇళ్లకు తప్పనిసరి, చిన్న ఇళ్లకు ఇష్టం మీద. పేదవాడి మీద ఖర్చు రుద్దకూడదన్నది న్యాయమే. కానీ అన్నిటికన్నా వేడెక్కే కప్పులు మావే, కాబట్టి మాకు కావాల్సింది సాయం, ఆ సాయం కిరాయిదారుడికి కూడా అందాలి. ఈ మాట మా రిపోర్టులో మొదటి పేజీలో రాశాం.

రాత్రి సంగతికి సున్నం చాలదు. అక్కడ దారి చూపించింది మళ్లీ ఆడవాళ్లే. కమ్యూనిటీ హాల్‌కి పెద్ద కిటికీలున్నాయి, ఫ్యాన్లున్నాయి, రాత్రి పూట తాళం వేసి ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రిళ్లు ఆడవాళ్లకి, చిన్నపిల్లలకి తెరవండి, తాళం మా మహిళా సంఘం చేతికివ్వండి. ఇంతే అడిగారు. ఈ ఆలోచన మా యూత్ గ్రూపుకి తట్టలేదు, ఏ ఇంజనీరుకీ తట్టేది కాదేమో కూడా, ఎందుకంటే ఇది ఎన్ని డిగ్రీలు తగ్గించాలన్న ప్రశ్నకి జవాబు కాదు, తలుపు గడియ పెట్టుకోకుండా ఎక్కడ పడుకోగలను అన్న ప్రశ్నకి జవాబు.

ఎలక్షన్ కోడ్ ఉందని జూన్ దాకా ఎవరూ ఏమీ తేల్చలేదు. కోడ్ ఎత్తేశాక ఒక అధికారిని కలవడానికి యూత్ గ్రూపు నుంచి ఇద్దరం, బస్తీ నుంచి ఆరుగురు ఆడవాళ్లు వెళ్లాం. రెండు మ్యాపులూ చుట్ట చుట్టి పట్టుకెళ్లాం. ఆయన మొదట సిబ్బంది లేరన్నాడు, కరెంటు ఖర్చన్నాడు. చిన్నమ్మ రాత్రి మ్యాప్ బల్ల మీద పరిచి, తన ఇంటి మీదున్న ఎర్ర బొట్టు చూపించి, ఒంటిగంట రీడింగులు క్యాలెండర్ కాగితాల్లోంచి చదివి వినిపించింది. చదువుకోలేదు కానీ అంకెలొచ్చు. ఆయన ఆ కాగితాలు తీసుకుని చాలాసేపు చూశాడు. వచ్చే ఎండాకాలానికి చూద్దామన్నాడు. 2025లో ఏప్రిల్ మధ్య నుంచి హాల్ రాత్రిళ్లు తెరిచారు, తాళం సంఘం దగ్గరే ఉంది, వానలు పడేదాకా నడిచింది.

మొదలుపెట్టాలనుకునేవాళ్లకి రెండు మాటలు. యూత్‌కి స్టైపెండ్ ఇస్తే రీడింగులు తీసిన ఇంటి ఆడవాళ్లకి కూడా ఇవ్వండి. మా దగ్గర దీని మీద గొడవ జరిగింది, జరగాల్సిందే, పంచుకున్నాకే సర్దుకుంది. రెండోది, అసలు కాగితాలు బస్తీలోనే ఉండాలి, సంస్థ వాళ్లు కాపీ తీసుకెళ్లవచ్చు. మా క్యాలెండర్ కాగితాలు, బొట్టు మ్యాపులు సంఘం బీరువాలో ఉన్నాయి, ఎవరైనా విద్యార్థులు చూడాలంటే సంఘం మీటింగ్‌లో అడిగి చూడాలి.

మేడమ్ ప్రాజెక్టు అయిపోయి వేరే ఊరికి వెళ్లింది. మీటర్లు మా దగ్గరే వదిలేసింది. ఈసారి ప్రశ్న అప్పడాల వాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు పెట్టారు: వేడి వల్ల పని ఎన్ని గంటలు ఆగుతోంది, ఆ మేరకు రోజు కూలి ఎంత పోతోంది. మార్చి మొదటి వారం నుంచి రాయడం మొదలుపెడుతున్నాం, ఈ లెక్క కోసం ఒక్కో ఇంటికి కొత్త క్యాలెండర్ కూడా ఇస్తున్నాం.